బ్లాస్ట్: చూడక్కర్లేనిది వదిలేసే యంత్రం

సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట రైతులకు బీపీటీ 5204ను పరిచయం చేయనక్కర్లేదు. 1986లో బాపట్ల నుంచి వచ్చిన ఈ సాంబ మసూరి గింజకు వంక పెట్టలేం గానీ, పైరు తెగుళ్లకు ఇట్టే లొంగుతుంది. అందులోనూ బాక్టీరియా ఎండాకు తెగులుకు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 జన్యువులను సంకరణంతో చేర్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని తెచ్చాయి.

ఎక్స్‌ఏ21 పుట్టిల్లు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి. 1995లో పమేలా రొనాల్డ్ బృందం దాన్ని విడదీసింది. దాని డీఎన్‌ఏ అక్షరక్రమం జెన్‌బ్యాంక్ అనే జన్యు భాండాగారంలో అందరికీ దొరుకుతుంది. సూర్యాపేటలో ఒక డిగ్రీ విద్యార్థి దాన్ని కాపీ చేసి, అమెరికాలోని జీవ సమాచార సంస్థ ఎన్‌సీబీఐ నడిపే బ్లాస్ట్ అనే వెతుకులాట ప్రోగ్రామ్‌లో అతికిస్తే, కాసేపట్లో మొక్కల లోకంలో ఆ జన్యువు చుట్టాలు తెరమీదికి వస్తారు. రుసుము లేదు, లాగిన్ లేదు. అంత రాశిలో అంత త్వరగా ఎలా వెతికింది?

వరి జన్యుపటం దాదాపు 39 కోట్ల అక్షరాలు. వెయ్యి అక్షరాల ముక్కను దానితో పూర్తిగా పోల్చాలంటే, 1981 నాటి స్మిత్-వాటర్‌మన్ పద్ధతిలో 39,000 కోట్ల గళ్ల పట్టిక నింపాలి. జవాబులో పొరపాటుండదు, ఓపికే కావాలి. 1980లలో లిప్‌మన్, పియర్సన్‌ల ఫాస్టా ఆ శ్రమను బాగా తగ్గించింది. 1990లో ఆల్ట్‌షుల్, గిష్, మిల్లర్, మైయర్స్, లిప్‌మన్‌లు బ్లాస్ట్‌తో ఇంకాస్త తెగించారు. రెండు జాబితాల్లోనూ లిప్‌మన్ ఉన్నాడు. తన ప్రోగ్రామ్‌కు తానే పోటీ!

మిర్యాలగూడ మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ఎవరూ ప్రతి గింజా చూడరు. పిడికెడు తీసి చూస్తారు, బాగుంటేనే లోపలికి చెయ్యి పెడతారు. బ్లాస్ట్ చేసేదీ అదే. ప్రశ్నగా ఇచ్చిన క్రమాన్ని చిన్న ముక్కలుగా కోస్తుంది. డీఎన్‌ఏ అయితే మామూలుగా 11 అక్షరాలవి. అచ్చంగా అదే ముక్క ఎక్కడ కనిపిస్తే అక్కడే ఆగి, రెండువైపులా సాగదీస్తుంది. అక్షరం కలిస్తే మార్కులు, కలవకపోతే కోత. అప్పటిదాకా వచ్చిన గరిష్ఠం నుంచి మార్కులు మరీ దిగజారితే అక్కడితో వదిలేస్తుంది.

నాలుగక్షరాలతో 11 స్థానాలంటే దాదాపు 42 లక్షల కూర్పులు. అంటే 39 కోట్ల అక్షరాల్లో ఏ ముక్కయినా కేవలం కాకతాళీయంగా 90 చోట్లకు పైగా తగలొచ్చు. మరి చుట్టమెవరో, దారిన పోయేవారెవరో? దానికే ఈ-విలువ. ఇన్ని మార్కుల పోలిక ఊరికే ఎన్నిసార్లు దొరికే వీలుందో అది లెక్కగడుతుంది. సున్నాకు ఎంత దగ్గరైతే బంధుత్వం అంత నిజం. వేగం కన్నా ఈ లెక్కే బ్లాస్ట్ అసలు గొప్పతనం. లోపమూ ఉంది: వరసగా 11 అక్షరాలు ఎక్కడా కలవని దూరపు బంధువు దాని కంట పడడు. అలాంటప్పుడు ప్రొటీన్ క్రమంతో వెతకడం మేలు.

తర్వాతి కథ గబగబా నడిచింది. మొదట్లో ఈ-మెయిల్‌తో ప్రశ్న పంపి జవాబు కోసం ఎదురుచూసేవారు, ఆపై వెబ్ వచ్చింది. అమెరికా, ఐరోపా, జపాన్ జన్యు భాండాగారాలు రోజూ సమాచారం ఇచ్చిపుచ్చుకుంటాయి. 2005లో వరి జన్యుపటం వెలువడింది. అందులో 11వ క్రోమోజోమ్ పనిలో భారత్‌కు వాటా ఉంది, ఎక్స్‌ఏ21 స్థానం కూడా ఆ క్రోమోజోమ్ మీదే. 2022లో ఫరీదాబాద్‌లో మన సొంత జీవ సమాచార కేంద్రం మొదలైంది.

ఉచితమే అయినా బ్లాస్ట్‌కు ఒక మర్యాద ఉంది. 50కి మించి ప్రశ్నలు ప్రోగ్రామ్‌తో పంపేవారు వారాంతాల్లో గానీ, అమెరికా తూర్పు తీరపు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 5 లోపు గానీ పంపాలని ఎన్‌సీబీఐ కోరుతుంది. వేసవిలో మనకది ఉదయం 6.30 నుంచి మధ్యాహ్నం 2.30 వరకు. కోదాడ కాలేజీలో ప్రాక్టికల్స్ నడిచే వేళే.