తలుపు కింది సందు

దీపావళి నాడు ప్రమిదలు వెలిగించి, వీధి తలుపు మూసిన తరవాత, లోపలి పక్క నేల మీద పెట్టిన దీపం ఎటు వంగుతోందో ఒక్క నిమిషం నిలబడి చూడండి. తలుపుకి ఎడంగా, ఇంటి లోపలికి వంగుతోందంటే ఆ తలుపు కింది నుంచి చలికాలం అప్పుడే లోపల అడుగు పెట్టిందన్నమాట. షికాగో, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్ పరిసరాల్లో కాపరం ఉంటున్న మనవాళ్ళకి చలి సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. 1985 జనవరి 20న షికాగోలో ఉష్ణోగ్రత ఫారెన్‌హైట్ లెక్కన సున్నాకి 27 డిగ్రీలు కిందికి దిగింది. 2019 జనవరి 30న 23 డిగ్రీలు కిందికి దిగింది. అటువంటి రోజున తలుపు కింద పావంగుళం సందు ఉంటే ఎంత నష్టమో ఓసారి లెక్క వేద్దాం.

ఇక్కడి వీధి తలుపు వెడల్పు మామూలుగా 36 అంగుళాలు. దాని కింద పావంగుళం సందంటే మొత్తం 9 చదరపు అంగుళాలు. అంటే మూడంగుళాల పొడుగు, మూడంగుళాల వెడల్పు ఉన్న కన్నం గోడకి పెట్టుకుని కూర్చున్నట్టే. నిజంగా గోడకి అంత కన్నం ఉంటే ఆ రాత్రే పాత గుడ్డలు కుక్కి గాని పడుకోం. అదే కన్నం సన్నగా సాగి తలుపు కింద పరుచుకుని ఉంది కనక పదేళ్ళయినా పట్టించుకోం.

పట్టించుకోకపోవడానికి మన అలవాటు కూడా కొంత కారణమని మా అనుమానం. మన ఊళ్ళలో ఇల్లు కట్టేటప్పుడు గాలి లోపలికి ఎలా వస్తుందా అనే చూశారు గాని, రాకుండా ఎలా ఆపాలా అని ఎవరూ చూడలేదు. వీధి గుమ్మానికి ఎదురుగా పెరటి గుమ్మం పెట్టి, గాలి ఈ చివర నుంచి ఆ చివరికి పోయేట్టు కట్టుకున్నాం. గడప ఎత్తుగా ఉండేది నిజమే, దానికి పసుపు రాసి బొట్లు పెట్టాం, దాని మీద కూర్చుంటే పెద్దవాళ్ళు కసిరేవారు. కాని ఆ గడప ఆపింది చలిని కాదు. వాననీటినీ, తేళ్ళనీ, జెర్రులనీ. ఇక్కడ గడప స్థానంలో ఉన్నది అంగుళం ఎత్తు అల్యూమినియం పట్టీ. పసుపు రాస్తే నాలుగు రోజులు నిలవదు. అయినా ఇంటి చలికాలం సుఖమంతా ఆ పట్టీకీ తలుపు అడుగు అంచుకీ మధ్య ఉన్న చోటు మీదే ఆధారపడి ఉంది.

దీనికి కారణం ఉంది. చలికాలంలో ఇల్లు పొగగొట్టంలా పని చేస్తుంది. వెచ్చటి గాలి తేలిక. పైకి పోయి, అటకలోకి పోయే వైర్ల కన్నాల్లోంచీ, పైకప్పు దీపాల చుట్టూ ఉన్న సందుల్లోంచీ బయట పడుతుంది. పోయిన గాలికి బదులు గాలి ఎక్కడి నుంచో రావాలి గదా. అది ఇంటి అడుగు నుంచి వస్తుంది. అందుకే మేడ మీద కిటికీ సందులోంచి గాలి బయటికి పోతుంటే, కింద వీధి తలుపు సందులోంచి లోపలికి లాక్కుంటుంది. బయట ఎంత చలిగా ఉంటే ఈ లాగుడు అంత గట్టిగా ఉంటుంది. 1970లలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం వారు న్యూజెర్సీలోని ట్విన్ రివర్స్ అనే చోట ఇళ్ళని పరీక్షించి, కంటికి కనపడని దారుల్లో ఇంటి వేడి అటకలోకి ఎంత పోతోందో కనిపెట్టారు. కనక తలుపు ఒక్కటే బిగించి, అటక కన్నాలు వదిలేస్తే పని సగమే అయినట్టు. కాని అటక ఎక్కాలంటే ఒక శనివారమంతా కావాలి. తలుపు పని కాఫీ తాగినంత సేపట్లో మొదలు పెట్టవచ్చు.

చలిగాలి బరువైనది, లోపలికి వచ్చాక నేల మీదే పాకుతుంది. సోఫాలో కాళ్ళు పైకి పెట్టుకుని టీవీ చూసేవారికి ఇది తెలియదు. థర్మోస్టాట్ గోడ మీద ఛాతీ ఎత్తున ఉంటుంది, దానికీ తెలియదు. మరి తెలిసేది ఎవరికి? పీట వేసుకుని దేవుడి దగ్గర గంటసేపు కూర్చునే అమ్మమ్మకి, చాప పరుచుకుని మధ్యాహ్నం నడుం వాల్చే తాతగారికి, పాకే పిల్లవాడికి. మన ఇళ్ళలో నేల మీద బతుకు ఇప్పటికీ చాలా ఉంది. ఆరు నెలల వీసా మీద వచ్చిన పెద్దవాళ్ళు "కాళ్ళు లాగుతున్నాయిరా" అంటే, మనం వెళ్ళి థర్మోస్టాట్ చూసి "70 ఉంది గదమ్మా" అంటాం. ఆమె చెప్పేది నేల సంగతి, మనం చదివేది గోడ సంగతి. ఒక మామూలు థర్మామీటరు తీసుకెళ్ళి ఆవిడ పీట పక్కన అరగంట ఉంచండి. తగాదా అక్కడే తీరుతుంది.

ఇది ముచ్చటకి చెప్పే మాట కాదు. ఇంట్లో 60 నుంచి 65 డిగ్రీలున్నా వయసు మళ్ళినవారికి ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చనీ, కనీసం 68 ఉంచమనీ అమెరికా ప్రభుత్వపు వార్ధక్య పరిశోధన సంస్థ చెబుతుంది. పెద్దవాళ్ళు వణకకపోయినా, మాట తడబడినా, మందకొడిగా మగతగా ఉన్నా అది వయసు వల్లనే అనుకోకండి. గోడ మీద 68 ఉన్న ఇంట్లో తలుపు పక్క నేల మీద అంత ఉంటుందని నమ్మకం లేదు.

ఈ దేశం ఈ సందుల్ని సీరియస్‌గా తీసుకోవడానికి కూడా కథ ఉంది. 1965 వలస చట్టం తరవాత మన డాక్టర్లూ ఇంజనీర్లూ ఇక్కడ ఇళ్ళు కొనుక్కుంటున్న రోజుల్లోనే, 1973 అక్టోబరులో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. 1977 ఫిబ్రవరి 2న ప్రెసిడెంట్ కార్టర్ స్వెట్టరు వేసుకుని టీవీలో కనిపించి, పగలు 65, రాత్రి 55 డిగ్రీలకి థర్మోస్టాట్ తగ్గించమని కోరారు. 1978 చట్టం ప్రకారం ఇంటికి ఇన్సులేషనూ, తలుపులకి వెదర్‌స్ట్రిప్పూ వేయించుకున్నవారికి మొదటి 2000 డాలర్ల ఖర్చులో 15 శాతం, అంటే 300 డాలర్ల దాకా ఆదాయపు పన్నులో తగ్గించారు. ఆ వెసులుబాటు 1985తో ఆగిపోయింది. కార్టర్ గారి 55 ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళకి సరే. ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు దాన్ని పాటించకుండా, సందు మూసి పొదుపు చేసుకోవడం మేలని మా అభిప్రాయం.

ఇక పని సంగతి. ముందు రోగం ఎక్కడుందో చూడాలి. పట్టపగలు ఇంట్లో దీపాలు ఆర్పి తలుపు కిందికి వంగి చూస్తే వెలుతురు గీత కనిపిస్తుంది. గాలి కోసమైతే మన అగరొత్తి కంటే మంచి పరికరం లేదు. గాలి బాగా వీచే రోజున, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యానూ బాత్రూం ఫ్యాన్లూ వేసి, వెలిగించిన అగరొత్తిని తలుపు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. కర్టెన్లు దూరంగా ఉండాలి సుమా. పొగ నిటారుగా పోయే చోట భయం లేదు. చెదిరి లోపలికి కొట్టే చోట వేలు పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. ఎక్కువగా కింది రెండు మూలల దగ్గర చెదురుతుంది.

సామాన్లు కొనే ముందు మడతబందులు చూడాలి. తలుపు బరువుకి పై మడతబందు మరమేకులు వదులై, గడియ వైపు తలుపు కిందికి జారితే సందు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ అవుతుంది. పై మడతబందులో ఒక చిన్న మరమేకు తీసి, ద్వారబంధం వెనకున్న దుంగ దాకా దిగే మూడంగుళాల మరమేకు బిగిస్తే తలుపు లేచి తన చోటికి వస్తుంది. ఖర్చు అర డాలరు ఉండదు. తరవాత కింది పట్టీ. చాలా ఇళ్ళలో దాని మీద వరసగా నాలుగైదు మరమేకులు, కొన్నిట్లో ప్లాస్టిక్ బిళ్ళల కింద దాగి, ఉంటాయి. వాటిని ఎడమకి తిప్పితే పట్టీ మధ్యభాగం సాధారణంగా పైకి లేస్తుంది. తలుపు కింద ఒక కాగితం పెట్టి మూసి లాగండి. కొంచెం పట్టుకుంటూ రావాలి. అసలు రాకపోతే మరీ బిగించినట్టు. అప్పుడు రబ్బరు తొందరగా అరుగుతుంది, చిన్నపిల్లలు తలుపు తీయలేరు. ఇంటి కొనుగోలులో పదిమందిని సలహా అడిగే మనం ఈ మరమేకుల సంగతి ఎవరినీ అడగం. ఇళ్ళమ్మేవాడూ చెప్పడు.

ఇవి రెండూ చేసినా సందు మిగిలితే డోర్ స్వీప్. అల్యూమినియం పట్టీకి కింద రబ్బరు అంచు ఉంటుంది. హాక్‌సాతో తలుపు వెడల్పుకి కోసి, లోపలికి తెరుచుకునే తలుపుకి లోపలి వైపున, బయటికి తెరుచుకునే దానికి బయటి వైపున బిగించాలి. దాని కన్నాలు నిలువుగా పొడుగ్గా ఉంటాయి, రబ్బరు అరిగినప్పుడు పట్టీని కొంచెం కిందికి దింపుకోవడానికి. లోపల తివాచీ ఉంటే స్వీపు రాచుకుని రెండు చలికాలాలకే చిరుగుతుంది. అక్కడ తలుపు మూసినప్పుడు మాత్రమే కిందికి దిగే ఆటోమాటిక్ రకం వాడాలి. ఖరీదెక్కువే. గచ్చు ఎగుడుదిగుడుగా ఉంటే బ్రష్ రకం నయం. ఇంత చేసినా కింది మూలల్లో వెలుతురు చుక్క కనిపిస్తుంది. దానికి కార్నర్ పాడ్ అని చిన్న బిళ్ళలు అమ్ముతారు. ఆ ఊసు ఎత్తేవారు తక్కువ గాని, పావలా వంతు పనిలో ముప్పావలా ఫలితం అక్కడే. జిగురుతో అంటించేవి ఏవైనా సరే మంచు పడకముందే చేసుకోండి. చలిలో జిగురు పట్టదు.

అద్దె ఇంటివారు తలుపుకి కన్నాలు పెట్టకూడదు. వారికి పాత నేత చీర ఉండనే ఉంది. బొంతలు కుట్టిన చేతులకి చెప్పేదేముంది? తలుపు వెడల్పుకి రెండంగుళాలు ఎక్కువగా గొట్టంలా కుట్టి, పాత తువ్వాళ్ళు గాని శుభ్రమైన ఇసక గాని గట్టిగా కూరి, రెండు చివరలూ మూసేయడమే. బియ్యం, పెసలు పొయ్యకండి, పురుగు పడుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మూయకూడని సందులు కొన్ని ఉన్నాయి. పడకగది తలుపు కింద సందు పనివాడు పొరపాటున వదిలినది కాదు. ఫర్నేసు ఆ గదిలోకి పంపిన వెచ్చటి గాలి, గదిలోనే వెనక్కి పోయే దారి లేనప్పుడు, ఆ సందులోంచే హాల్లోకి రావాలి. దాన్ని మూస్తే గదిలోకి వేడి రావడం తగ్గుతుంది, మిగతా ఇంట్లోకి బయటి చలిగాలి మరింత లాక్కుంటుంది. అలాగే ఫర్నేసు, గ్యాసు వాటర్ హీటరు ఉన్న చిన్న గది తలుపుకి రెక్కలో, కింద సందో ఉంటే అది మంటకి కావలసిన గాలి దారి. దాన్ని మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పుట్టవచ్చు. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, మగత, ఆపైన లేవకపోవడం. ఇంటిని బిగించిన తరవాత తలుపులూ కిటికీలూ మూసి, అన్ని ఫ్యాన్లూ, బట్టలారబెట్టే యంత్రమూ నడిపి, వాటర్ హీటరు వెలిగి అయిదు నిమిషాలయ్యాక, ఇందాకటి అగరొత్తినే దాని పైనున్న గొట్టం మొదటి దగ్గర పెట్టండి. పొగ గొట్టంలోకి పోవాలి. బయటికి కొడితే హీటరు ఆపి, ఫ్యాన్లు కట్టి, ఆ రోజే మనిషిని పిలవండి. ప్రతి అంతస్తులోనూ, పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. కరెంటు పోయిందని కుంపటి గాని బొగ్గుల గ్రిల్లు గాని ఇంట్లో వెలిగించవద్దు. గరాజ్‌కీ ఇంటికీ మధ్య తలుపు మాత్రం వీధి తలుపు కంటే శ్రద్ధగా బిగించండి. అక్కడి నుంచి వచ్చేది చలి ఒక్కటే కాదు, కారు పొగ కూడా.

అపార్టుమెంట్లలో ఉన్నవారికి మరో తంటా ఉంది. మన తిరగమోత ఘుమఘుమ నడవాలోకి పోతోందని పక్కవాళ్ళు సణిగితే, మొహమాటపడి తలుపు కింద గుడ్డలు కుక్కేవారిని చూశాం. చాలా ఎత్తయిన భవనాల్లో నడవాలోకి బయటి గాలిని ఫ్యాన్లతో పంపి, తలుపు కింది సందులోంచి మీ ఇంట్లోకి వచ్చేట్టు కట్టారు. ఆ భవనం సరిగ్గా పని చేస్తుంటే మీ వాసన నడవాలోకి పోకూడదు, నడవా గాలి మీ ఇంట్లోకి రావాలి. పోతోందంటే తప్పు మీ ఇంగువది కాదు, వారి ఫ్యానుది. యాజమాన్యానికి ఆ మాటే కాగితం మీద రాసి ఇవ్వండి. పైగా నడవా తలుపులు సాధారణంగా అగ్నిప్రమాదాన్ని ఆపే తలుపులు. ఎన్.ఎఫ్.పి.ఎ. 80 ప్రమాణం వాటి కింద ముప్పావంగుళం దాకా సందుని ఒప్పుకుంటుంది. అంతకు మించి ఉంటే సరిచేయవలసింది వారే, మనం దానికి మేకు కూడా కొట్టకూడదు.

చీర చుట్ట పెట్టుకున్నవారు తలుపు పక్కన ఎత్తులో ఒక కొక్కెం బిగించి, పగలు దాన్ని అక్కడ తగిలించండి. రాత్రి పెట్టినప్పుడు మెరిసే రంగు గుడ్డ తొడిగితే పెద్దవాళ్ళ కంటికి ఆనుతుంది, కాలికి తగలదు. నిప్పంటుకుంటే ముందు దాన్ని తన్ని పక్కకి నెట్టి తలుపు తీయాలని ఇంట్లో అందరికీ ఒకసారి చేసి చూపించండి, ఆరేళ్ళ పిల్లలకి కూడా.