వెర్షన్ మార్పు ఒక్క రాత్రి పని కాదు

వెబ్‌సైట్ వెనక నడిచే సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలనగానే రెండు మాటలు వినబడతాయి. బాగానే నడుస్తోంది కదా, ఎందుకు కదిలించడం అంటారు కొందరు. అప్‌డేట్ నొక్కితే అయిపోయేదానికి ఇన్ని నెలలెందుకు అంటారు ఇంకొందరు. రెండింటి వెనకా ఉన్న అపోహ ఒక్కటే: వెర్షన్ మారినా ప్రోగ్రాంలో రాసిన ఆదేశాల అర్థం మారదన్న నమ్మకం. తరచుగా మారేది ఆ అర్థమే. పైథాన్ భాష చరిత్రే ఇందుకు రుజువు. పైథాన్ 3 విడుదలైంది 2008 డిసెంబరులో. పైథాన్ 2కు మద్దతు ఆగిపోయింది 2020 జనవరి 1న. మధ్యలో పదకొండేళ్లు గడిచాయి. 2015లోనే ఆపేద్దామనుకున్న మద్దతును మరో ఐదేళ్లు పొడిగించాల్సి వచ్చింది. దీన్నంతా ప్రోగ్రామర్ల బద్ధకం కింద కొట్టిపారేయలేం.

మన దేశంలో 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చిన సందర్భాన్ని తలచుకుంటే సంగతి తేటపడుతుంది. అంతవరకు రూపాయికి పదహారణాలు, అంటే 64 పైసలు. ఆ రోజు నుంచి రూపాయికి 100 పైసలు. పేరు పైసాయే, విలువ వేరు. తికమక పడకుండా కొత్తదాన్ని 1964 దాకా 'నయా పైసా' అన్నారు. లెక్క ప్రకారం అణాకు ఆరుంపావు నయా పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు కనుక అణాకు ఆరు, నాలుగణాలకు ఇరవై ఐదు అని పట్టిక వేశారు. అణా చొప్పున నాలుగు వస్తువులను విడివిడిగా కొంటే 24 పైసలు, నాలుగింటినీ కలిపి కొంటే 25. పట్టిక తప్పు కాదు, కూడిక తప్పు కాదు, అయినా పైసా తేడా. అందుకే పాత నాణేలూ కొత్త నాణేలూ కొన్నేళ్లు పక్కపక్కనే చలామణి అయ్యాయి. జనం రెండు లెక్కలూ సరిచూసుకుంటూ కొత్తదానికి అలవాటుపడ్డారు.

పైథాన్‌లో జరిగిందీ ఇదే. 7ను 2తో భాగించమంటే పైథాన్ 2 భిన్నాన్ని వదిలేసి 3 అనేది. పైథాన్ 3 మూడున్నర అంటుంది. రెండున్నరను దగ్గరి పూర్ణాంకానికి సవరించమంటే పాతది 3 ఇచ్చేది, కొత్తది 2 ఇస్తుంది. సరిగ్గా సగం దగ్గర ఎటు మొగ్గాలో తేలనప్పుడు సరిసంఖ్య వైపు మొగ్గాలన్న నియమాన్ని కొత్త వెర్షన్ పాటిస్తుంది. ఇక్కడ ప్రోగ్రాం ఆగదు, ఎర్ర అక్షరాల హెచ్చరిక రాదు. రాయితీ లెక్కలోనో సరాసరి మార్కుల్లోనో తేడా దూరి కూర్చుంటుంది. అరిచి ఆగిపోయే లోపాన్ని గంటలో పట్టుకోవచ్చు. వెర్షన్ మార్పులో అసలు ప్రమాదం నోరెత్తని లోపంతోనే.

అక్షరాల విషయంలో మార్పు ఇంకా లోతైనది. తెలుగువారు దీన్ని తప్పక తెలుసుకోవాలి. కంప్యూటర్ దాచుకునేది బైట్లను. యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ తలా మూడు కావాలి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుర్తులు. ప్రతి అక్షరానికీ గుర్తుకూ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ లెక్కలో ఆరు, బైట్ల లెక్కలో పద్దెనిమిది. పైథాన్ 2లో మామూలుగా రాసిన పదం బైట్ల వరుస. యూనికోడ్ పదానికి వేరే ఏర్పాటు ఉన్నా, ఇంగ్లిష్‌తోనే పరీక్షించినవారికి దాని అవసరం తెలిసేది కాదు. పేరు ఇరవై అక్షరాలకు మించకూడదని అలా బైట్లలో లెక్కగట్టిన ఫారంలో ఇంగ్లిష్ పేరు హాయిగా పట్టేది. 'వెంకటేశ్వరరావు' మాత్రం 'వెంకటే' దగ్గర తెగి, చివర చెత్త గుర్తు మిగిలేది. పైథాన్ 3 పదాన్నీ బైట్లనూ వేరుచేసి, రెండింటినీ కలపబోతే నిలదీస్తుంది. పాత ప్రోగ్రాంలు ఎక్కువగా విరిగింది ఇక్కడే. అయినా ప్రపంచ భాషలన్నింటికీ సమాన గౌరవం ఇవ్వాలంటే ఈ విరుపు తప్పనిసరి.

మరి దారేమిటి? పాత ప్రోగ్రాంను ఒకేసారి అనువదించే '2టు3' అనే పరికరాన్ని పైథాన్ నిర్మాతలే మొదట ఇచ్చారు. అది రాతను మార్చగలదు గాని, ఒక భాగహారంలో భిన్నం కావాలో అక్కర్లేదో రాసినవారి మనసు చదవలేదు. 2012లో వచ్చిన 3.3 వెర్షన్‌లో, యూనికోడ్ పదాలను సూచించే పాత రాతను నిర్మాతలు తిరిగి అనుమతించారు. ఒకే ప్రోగ్రాం రెండు వెర్షన్లలోనూ నడిచే వీలు పెరిగాక వలసలు ఊపందుకున్నాయి. పైథాన్‌లో వెబ్‌సైట్లు నిర్మించడానికి వాడే జాంగో అనే చట్రం మీద కట్టిన ఇన్‌స్టాగ్రామ్, సేవ ఆపకుండా, ఒకే కోడ్‌ను రెండు వెర్షన్లకూ సరిపడేలా దిద్దుకుంటూ సుమారు పది నెలల్లో పైథాన్ 3కి చేరింది. మంచి ముహూర్తం చూసి ఒక్క రాత్రిలో మార్చేద్దామనుకునేవారు గుర్తుంచుకోవాలి, కాపాడేది ఘడియలు కాదు, పరీక్షలు. ముందు పాత ప్రవర్తనను పరీక్షలుగా రాసిపెట్టాలి. రెండు వెర్షన్లనూ ఆదరించే జాంగో 1.11కు చేరాలి. తర్వాత పైథాన్‌ను మార్చాలి. ఆపైనే జాంగో 2. ఒక్కో అడుగులో ఒక్కటే మారాలి, లేకపోతే తప్పు ఎక్కడిదో తేలదు.

నడుస్తున్నదాన్ని కదిలించొద్దనే వాదనలో కొంత న్యాయం ఉంది. మార్పులో ప్రమాదం నిజమే. కాని ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ప్రోగ్రాం చుట్టూ లోకం కదులుతూనే ఉంటుంది. మద్దతు ఆగాక బయటపడ్డ భద్రతా లోపాలకు నిర్మాతల నుంచి మరమ్మతు రాదు, ఆధారపడ్డ లైబ్రరీలూ ఒక్కొక్కటిగా తప్పుకుంటాయి. అంతా కొత్తగా రాసేద్దామన్నది మరో వాదన. పాత కోడ్ వికారంగా కనిపించడానికి కారణం, వాడుకలో ఎదురైన చిక్కులకు వేసిన మరమ్మతులే. దాన్ని పారేస్తే ఆ అనుభవమూ పోతుంది. నెట్‌స్కేప్ తన బ్రౌజర్‌ను తిరగరాసే పనిలో పడి, 1997 నాటి నాలుగో వెర్షన్ తర్వాత 2000లో ఆరో వెర్షన్ దాకా కొత్త తరాన్ని విడుదల చేయలేకపోయింది. ఆ వ్యవధిలో పోటీదారు మార్కెట్‌ను లాక్కున్నాడు.

ఇప్పుడు పైథాన్ కొత్త వెర్షన్ ఏటా వస్తోంది, ఒక్కోదానికి ఐదేళ్ల మద్దతు ఉంటోంది. ఏటా ఒక మెట్టు ఎక్కేవారికి మారే అంశాలు కొన్నే, వాటిని పరీక్షలతో పట్టుకోవచ్చు. ఐదేళ్లు ఆగినవారికి ఐదు మెట్ల తేడాలు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఎదురవుతాయి. కాబట్టి వెబ్‌సైట్ కట్టించుకునే సంస్థ, కళాశాల అయినా పంచాయతీ అయినా, ఒప్పందంలో రెండు అంశాలు రాయించుకోవాలి: పరీక్షల కోడ్‌ను కూడా అప్పగించాలని, వెర్షన్ మార్పు ఏటా చేయాల్సిన నిర్వహణ పనిగా ఉండాలని. ఆ ఖర్చు మొదట్లో అదనంగా తోచినా, భారం పేరుకోకుండా చేసే మార్గం అదే.