ఒక్క పాటలో బాగుపడని కాలు

సినిమాల్లో నడవలేని కాలు ఎలా బాగవుతుందో మీకు నేను చెప్పాలా? గుడిగంటలు గణగణా మోగుతాయి, హీరోయిన్ చేతికర్రలు జారిపోతాయి, ఒక అడుగు, రెండడుగులు... పాట అయ్యేలోపు పరుగే పరుగు! అలాంటి సీన్లకి చీరకొంగు తడుపుకున్న వాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా తెనాలిలో సినిమా మారితే మొదటి మ్యాట్నీకే వెళ్ళిపోయేటంత పిచ్చి నాది. కానీ మా ఇంట్లో ఒక చిన్న పాదం బాగుపడటానికి దాదాపు నాలుగేళ్ళు పట్టింది. ఆ సంబరం మీతో పంచుకోవాలనే ఈ నాలుగు ముక్కలూ.

మా అమ్మాయి నా కడుపున పుట్టలేదు. 2021లో, ఎనిమిది నెలల పసిపిల్లగా మా ఇంటికొచ్చింది. దత్తత కావాలంటే ముందు 'కారా' అనే కేంద్ర ప్రభుత్వ సంస్థలో పేరు రాయించుకోవాలి. ఇంటికొచ్చి విచారణ చేస్తారు. మన వంతు వచ్చినప్పుడు పిల్ల ఫోటో, ఆరోగ్య వివరాలు చూపిస్తారు. మాకు చూపించిన కాగితంలో 'ఎడమ పాదం - క్లబ్‌ఫుట్' అని ఉంది. ఫోటోలో పాప నవ్వుతోంది. ఎడమ పాదం మాత్రం లోపలికి మెలితిరిగి, అరికాలు రెండో కాలికేసి చూస్తోంది. మా వారు ఆ కాగితం రెండుసార్లు చదివి "ఏమంటావ్?" అన్నారు.

"పేరేం పెడదాం?" అన్నాన్నేను.

చుట్టాలు ఊరుకుంటారా? "కోరి కోరి వంకరకాలి పిల్లని తెచ్చుకున్నావేమిటే? రేపు దీన్నెవడు చేసుకుంటాడు?" అంది మా పెద్దమ్మ. "ఆ కన్నతల్లి గ్రహణం నాడు ఏం చేసిందో!" అని ఇంకొకావిడ. గ్రహణానికీ పాదానికీ సంబంధమే లేదు. సుమారుగా వెయ్యి మంది పిల్లల్లో ఒకరు ఇలా పుడతారు. చాలామందిలో కారణం ఇదీ అని డాక్టర్లు కూడా తేల్చి చెప్పలేరు. తల్లి తప్పు మాత్రం కాదు.

గుంటూరులో ఎముకల డాక్టరుగారికి చూపించాం. ఈ వైద్యాన్ని పొన్సెటి పద్ధతి అంటారు. స్పెయిన్‌లో పుట్టి, అమెరికాలోని అయోవాలో పనిచేసిన ఇగ్నాసియో పొన్సెటి అనే డాక్టరు కనిపెట్టారు. ఆయన 2009లో పోయారు. పెద్ద ఆపరేషను ఉండదు. వారానికోసారి పాదాన్ని మెల్లగా కొంచెం కొంచెం తిప్పుతూ, వేళ్ళ దగ్గర్నుంచి తొడదాకా పిండికట్టు వేస్తారు. ప్రతి సోమవారం పిల్లని ఒళ్ళో పెట్టుకుని గుంటూరు పాసింజరు ఎక్కేవాళ్ళం. ఏడు వారాలు, ఏడు కట్లు. ఆఖర్న మడమ వెనక బిగుసుకున్న స్నాయువుని చిన్న గాటుతో వదులు చేసి, మూడు వారాలకి ఇంకో కట్టు వేశారు.

కట్టు విప్పితే పాదం తిన్నగా, ముద్దుగా ఉంది! సినిమా అయితే అక్కడ 'శుభం' పడిపోయేది. మాకు ఇంకా ఇంటర్వెల్ కూడా కాలేదు.

ఒక కమ్మీకి రెండు చివర్లా రెండు చిన్న బూట్లు బిగించి ఇచ్చారు. మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు అవి తొడగాలి. ఆ తర్వాత నిద్రపోయేటప్పుడల్లా తొడగాలి, నాలుగైదేళ్ళ వయసు వచ్చేదాకా. "మానేస్తే పాదం మళ్ళీ లోపలికి తిరిగిపోతుంది. నా పని చాలావరకు అయిపోయిందమ్మా, ఇక మీదే" అన్నారు డాక్టరుగారు.

మొదటి వారం రాత్రుళ్ళు పిల్లా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తర్వాత అలవాటు పడింది. కానీ రెండేళ్ళ వయసులో, మే నెలలో, కరెంటు పోయిన ఓ రాత్రి "అమ్మా, తీసెయ్యమ్మా" అని బతిమాలింది. ఆ వేళ మా ఇంట్లోనే ఉన్న పెద్దమ్మ లేచి "కన్నతల్లివైతే ఇలా కట్టేస్తావుటే?" అనేసింది. ఆ మాట ఎక్కడ గుచ్చుకోవాలో అక్కడే గుచ్చుకుంది. అయినా బూట్లు విప్పలేదు. విసనకర్ర తీసుకుని తెల్లవార్లూ ఆ పాదాలకి విసురుతూ కూర్చున్నాను.

ఆ రోజుల్లోనే 'మయూరి' మళ్ళీ చూశాను. 1981లో ప్రమాదం జరిగి కాలు పోగొట్టుకున్న సుధాచంద్రన్, జైపూర్ కాలుతో తిరిగి నాట్యం చేసిన నిజం కథ అది. సింగీతం శ్రీనివాసరావుగారు ఆవిడ పాత్రని ఆవిడ చేతే వేయించారు. 1986లో హిందీలో 'నాచే మయూరి'గా కూడా వచ్చింది. పూర్వం నేను చప్పట్లు కొట్టింది డాన్సుకి. ఈసారి మనసు నిలిచిపోయింది మాత్రం, నొప్పిని ఓర్చుకుంటూ ఆ అమ్మాయి చేసే సాధన దగ్గర!

మొన్న మా అమ్మాయికి నాలుగున్నరేళ్ళు నిండాయి. డాక్టరుగారు వరండాలో నడిపించారు, పరిగెత్తించారు, గొంతుక్కూర్చోబెట్టారు. "బూట్లు ఇక చాలు. ఆర్నెల్లకోసారి తెచ్చి చూపించండి" అన్నారు. నాకు నోట మాట రాలేదు. మా వారు మాత్రం "ఈ రాత్రి నుంచేనా సార్?" అని రెండుసార్లు అడిగారు.

ఎడమ పిక్క ఇప్పటికీ కాస్త సన్నమే. పాదం ఒక సైజు చిన్నది. చెప్పులు కొనాలంటే రెండు జతలు కొనాలి. కొంటాం!

ఆ ఆదివారం మ్యాట్నీకి తీసుకెళ్ళాం. బాల్కనీ మెట్ల దగ్గర ఎత్తుకోబోతే నా చెయ్యి తోసేసి తనే ఎక్కింది. తెర మీద పాట మొదలయ్యేసరికి సీట్ల మధ్య ఒకటే గెంతులు. వెనక సీటాయన "పిల్లని కూర్చోబెట్టండమ్మా, బొమ్మ కనబడట్లేదు" అని విసుక్కున్నాడు. ఈ నాలుగేళ్ళలో అంత తియ్యటి మాట నేను వినలేదంటే నమ్మండి.

మీలో చాలామంది పెళ్ళీడు పిల్లలే. రేపు మీ అక్కకో, వదినకో ఇలాంటి పాపాయి పుడితే గ్రహణాలు లెక్కపెడుతూ కూర్చోకండి. మొదటి రెండు మూడు వారాల్లోనే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమనండి. పాదం తిన్నగా అయింది కదా అని బూట్లు మాన్పించనివ్వకండి. ఎండాకాలం రాత్రుళ్ళకి విసనకర్ర ఒకటి దగ్గర పెట్టుకోమనండి.