కండలకు ప్రొటీన్ పొడి డబ్బా తప్పనిసరా?

కాదు. వ్యాయామంలో భారం పడ్డ కండరాన్ని శరీరం మునుపటికన్నా గట్టిగా కట్టుకుంటుంది. అందుకు కావలసిన అమైనో ఆమ్లాలు తిండిలోని ప్రొటీన్ నుంచే వస్తాయి. అది డబ్బాలోదా, గుడ్డులోదా అని కండరం అడగదు!

డబ్బాల్లో అమ్మే వే ప్రొటీన్ కూడా పాలదే. పాలు విరిగాక మిగిలే నీళ్లలోంచి తీసి ఎండబెడతారు. ఒక కొలత పొడిలో సుమారు 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రెండు గుడ్లు, గుప్పెడు పల్లీలు, గ్లాసు పాలు కలిపితే అంతకు తగ్గదు, ఖర్చూ తక్కువే. అన్నంలో కొరవడే అమైనో ఆమ్లమైన లైసిన్‌ను పప్పు అందిస్తుంది, పప్పులో తక్కువైన మరో అమైనో ఆమ్లం మెథియోనిన్‌ను అన్నం ఇస్తుంది. అందుకే పప్పన్నం అంత మంచి జోడీ.

కండలు పెంచడానికి ఈ పొడులు వాడొద్దని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఎదిగే వయసులో డాక్టర్ చెప్పకుండా అసలే వద్దు.