రుజువు: డి.ఎన్.ఏ. చెప్పేదీ, చెప్పలేనిదీ

న్యాయస్థానంలో ఒక విషయం నిజం కావడం వేరు, రుజువు కావడం వేరు. క్రిమినల్ కేసులో నేరాన్ని సహేతుకమైన సందేహానికి తావులేకుండా నిరూపించవలసిన బాధ్యత ప్రాసిక్యూషన్‌దే. సివిల్ దావాలో ఇరుపక్షాలలో ఎవరి వాదన ఎక్కువ నమ్మదగినదిగా తోస్తే వారిదే గెలుపు. నిర్దోషి చెరసాల పాలు కాకూడదన్నదే మొదటి ప్రమాణం అంత కఠినంగా ఉండడానికి కారణం. అయితే లైంగిక దాడి సాధారణంగా సాక్షులు లేనిచోట జరిగే నేరం. అక్కడ ఆ ప్రమాణాన్ని అందుకోవడం ఎలా?

కొంతవరకు విజ్ఞానశాస్త్రం దారి చూపింది. 1984లో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో అలెక్ జెఫ్రీస్ డి.ఎన్.ఏ. ద్వారా వ్యక్తులను గుర్తించే పద్ధతిని కనుగొన్నారు. ఆ పరిసరాలలోనే 1983లో ఒక బాలిక, 1986లో మరొక బాలిక అత్యాచారానికీ, హత్యకూ గురయ్యారు. రెండవ హత్య తానే చేశానని 17 ఏళ్ళ యువకుడొకడు పోలీసుల ఎదుట ఒప్పుకున్నాడు. రెండుచోట్లా లభించిన వీర్యం ఒకే మనిషిదనీ, అది ఆ యువకునిది కాదనీ పరీక్షలో తేలింది. అసలు నేరస్థునికి 1988లో యావజ్జీవ శిక్ష పడింది. ఆ విధంగా ఈ పరీక్ష తొలుత కాపాడినది ఒక నిర్దోషిని. 1980వ దశకంలోనే హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ ఇటువంటి పద్ధతిని స్వదేశంలోనే రూపొందించారు.

డి.ఎన్.ఏ. "ఎవరు" అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. "ఆమె సమ్మతించిందా" అన్న ప్రశ్నకు చెప్పలేదు. కలయిక జరిగిందని నిందితుడే ఒప్పుకొని, ఆమె ఇష్టంతోనే జరిగిందని వాదిస్తే ప్రయోగశాల మౌనం వహించవలసిందే.

భారతదేశంలో ఈ ప్రశ్నే చట్టాన్ని మార్చింది. 1972లో మహారాష్ట్రలోని ఒక పోలీసు స్టేషనులో ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగిందన్న కేసులో, శరీరంపై గాయాలు లేకపోవడాన్ని ఎత్తిచూపుతూ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను విడిచిపెట్టింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును ప్రశ్నిస్తూ బహిరంగ లేఖ వ్రాశారు. దేశవ్యాప్తంగా ఆందోళన చెలరేగింది. ఫలితంగా 1983లో సాక్ష్య చట్టం సవరించబడింది. పోలీసుల అదుపులో జరిగిన అత్యాచారం వంటి కేసులలో కలయిక రుజువై, తాను సమ్మతించలేదని స్త్రీ చెబితే, సమ్మతి లేదనే కోర్టు భావించాలి. కాదని నిరూపించే భారం నిందితునిది. నమ్మదగినదైతే బాధితురాలి సాక్ష్యమొక్కటే శిక్షకు చాలునని 1996లో సుప్రీంకోర్టు స్పష్టపరచింది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్లు కాదని 2013 నాటి సవరణ చెప్పింది.

భౌతిక సాక్ష్యం త్వరగా చెరిగిపోతుంది. కనుక స్నానం చేయకముందే వైద్యపరీక్ష జరగడం, దుస్తులను కాగితపు సంచిలో భద్రపరచడం మేలు. అమెరికాలో పోలీసులకు ఫిర్యాదు చేయకపోయినా ఈ పరీక్షను ఉచితంగా చేయించుకోవచ్చు.

నిందితుడు విడుదలైతే ఆరోపణ అబద్ధమని మనవాళ్ళు తేల్చేయడం కద్దు. చాలాసార్లు ఆ తీర్పుకు అర్థం, రుజువు కావలసినంత ఎత్తుకు చేరలేదని మాత్రమే. ఇంట్లో ఆడపిల్ల నోరు విప్పి చెప్పినప్పుడు ఆలకించడానికి తల్లిదండ్రులకు కోర్టు కోరే రుజువు అవసరం లేదు.