కారు దించితే షాకులూ మార్చాలా?

2018లో వచ్చిన మారుతి స్విఫ్ట్ గ్రౌండ్ క్లియరెన్స్ 163 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం వేసిన గుండ్రటి స్పీడ్ బ్రేకర్ ఎత్తు 100 మిల్లీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. నడికుడి, దాచేపల్లి చుట్టుపక్కల ఊళ్లలో తిరిగే కారుకు ఎదురయ్యే బ్రేకర్లన్నీ ఈ కొలతలో ఉండవు. కొన్ని కాంక్రీటుతో కుప్పగా పోసినవి, కొన్ని ఏటా తారు మీద తారు పడి పెరిగినవి. అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద సున్నపురాయి, సిమెంటు లారీలు రాత్రీ పగలూ నడుస్తుంటాయి. వాటి బరువుకు తారు చక్రాల దారి వెంట గాడి పడి, మధ్యలో దిబ్బలా లేస్తుంది. ఇలాంటి చోట కారును ఇంకో 40 మిల్లీమీటర్లు దించాలని ముచ్చటపడే కుర్రాళ్లు ఉన్నారు. ఆ ముచ్చటను నేను తప్పుపట్టను. దించిన కారు చూడ్డానికి బాగుంటుంది, మలుపులో ఒరగడమూ తగ్గుతుంది. వాళ్లకు వచ్చే ప్రశ్న మాత్రం ఖర్చుతో ముడిపడింది: స్ప్రింగులు మారిస్తే కారు దిగుతుంది కదా, బాగానే ఉన్న షాకబ్జార్బర్లను, స్ట్రట్‌లను ఎందుకు తీసేయాలి?

సమాధానం ముందే చెప్తాను. 25 మిల్లీమీటర్లకు మించి దించితే రెండూ కలిపి మార్చాలి. అంతకంటే తక్కువైతే, షాకులు నిజంగా కొత్తవైతే ఉంచుకోవచ్చు. ఈ గీత ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలంటే స్ప్రింగు పనేంటో, షాకు పనేంటో విడిగా చూడాలి.

కారు బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడ్డప్పుడు అది కుదించుకుని శక్తిని దాచుకుంటుంది, వెంటనే తిరిగి తన్నేస్తుంది. ఆపేవాడు లేకపోతే కారు అలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకు. లోపల పిస్టన్ నూనెను సన్నటి రంధ్రాల గుండా నెడుతుంది. ఊగే శక్తి వేడిగా మారి బయటికి పోతుంది. నడికుడి జంక్షన్‌లో ఎల్‌హెచ్‌బి పెట్టెల రైలు ఆగినప్పుడు ప్లాట్‌ఫాం మీంచి బోగీ వైపు వంగి చూడండి. లావుపాటి చుట్ట స్ప్రింగుల పక్కనే గొట్టంలాంటి హైడ్రాలిక్ డాంపర్లు కనిపిస్తాయి. ఆ రెంటినీ కలిపే లెక్కగట్టి బిగించారు. కారులోనూ అంతే: ఫ్యాక్టరీలో షాకు లోపలి వాల్వులను ఆ కారు స్ప్రింగు గట్టితనాన్ని బట్టే పెడతారు.

దించడానికి వాడే స్ప్రింగు పొట్టిది. పొట్టిదాన్ని మెత్తగా చేస్తే కారు నేలకు తాకుతుంది కాబట్టి గట్టిగా చేస్తారు. గట్టి స్ప్రింగు తిరిగి తన్నే జోరు ఎక్కువ, దాన్ని పట్టి ఆపడానికి షాకులోనూ బిగువు పెరగాలి. ఎంత పెరగాలన్నది వర్గమూలం లెక్కలో నడుస్తుంది: స్ప్రింగు 44 శాతం గట్టిపడితే షాకు బిగువు 20 శాతం పెరగాలి. పాత షాకులో ఆ 20 శాతం ఉండదు. అందుకే స్ప్రింగులు మాత్రమే మార్చిన కారు సిమెంటు రోడ్డు అతుకుల మీద ఎగిరెగిరి పడుతుంది. ఎగిరిన క్షణంలో టైరు రోడ్డును సరిగా పట్టుకోదు. ఆ క్షణంలోనే బ్రేకు తొక్కాల్సి వస్తే బండి ఆగే దూరం పెరుగుతుంది.

దీనికన్నా పెద్ద చిక్కు ప్రయాణపు నిడివితో వస్తుంది. షాకులో కడ్డీ కిందికి దిగడానికి కొంత చోటు ఉంటుంది, చివర్లో బంప్ స్టాప్ అనే రబ్బరు దిమ్మ అడ్డుకుంటుంది. కారు ఖాళీగా నిలబడ్డప్పుడు వెనక చక్రం దగ్గర ఆ చోటు 90 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. కారును 40 దించాం, 50 మిగిలింది. ఇప్పుడు పిడుగురాళ్లలో పెళ్లికి వెనక సీటులో ముగ్గురు ఎక్కారు, డిక్కీలో సామాను పెట్టారు. వెనక మీద అదనంగా 200 కిలోలు పడ్డాయి, చక్రానికి 100. స్ప్రింగు మిల్లీమీటరుకు రెండున్నర కిలోలు మోస్తుందనుకుంటే కారు ఇంకో 40 దిగుతుంది. మిగిలింది 10. అంటే ప్రతి చిన్న గుంతకూ రబ్బరు దిమ్మ గుద్దుకుంటుంది. డిక్కీలో రెండు మిర్చి టిక్కీలు వేస్తే ఆ పది కూడా ఉండదు. గుద్దు తగిలిన ప్రతిసారీ ఆ దెబ్బ స్ట్రట్ పైనున్న మౌంటుకు, బాడీ అతుకులకు చేరుతుంది. దిమ్మ నలిగి చిరిగిపోయాక షాకు అడుగునున్న వాల్వుకే తగులుతుంది. బాగానే ఉన్న షాకులు ఆ తర్వాత ఎంతో కాలం బాగుండవు.

పొట్టి ఒళ్లున్న షాకు దొరికేది ఇందుకే. బయటి గొట్టం, కడ్డీ రెండూ కురచగా ఉండటంతో, దించిన ఎత్తులో కూడా పిస్టన్ తన దారి మధ్యలోనే పనిచేస్తుంది. దాని వల్ల ఇంకో మేలూ ఉంది. పొడవాటి పాత షాకుకు పొట్టి స్ప్రింగు వేసి బండిని జాకీ మీద ఎత్తితే చక్రం బాగా కిందికి వేలాడుతుంది, స్ప్రింగు గూట్లోంచి వదులై పక్కకు జరుగుతుంది. గతుకులో చక్రం గాల్లోకి లేచినప్పుడు నడిరోడ్డు మీద జరిగేదీ అదే. చుట్టలు కోసి దించిన కార్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పనిచేసే చుట్టలు ఆరుంటే అందులో ఒకటి కోస్తే గట్టితనం 20 శాతం పెరుగుతుంది, గూట్లో సరిగా కూర్చునే చదునైన కొస పోతుంది. గ్యాస్ మంటతో కాల్చి కూర్చోబెట్టడం ఇంకా చెడ్డపని: ఉక్కుకు పెట్టిన పదును అక్కడే దిగిపోతుంది. ఈ రెండు పనులూ ఎవరు ఎంత తక్కువకు చేస్తామన్నా ఒప్పుకోవద్దు.

ముందు చక్రాల దగ్గర ఇంకో లెక్క ఉంది. స్విఫ్ట్‌తో సహా మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి ముందు ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. 1940లలో ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు రూపొందించిన అమరిక అది. అందులో షాకు ఊపును ఆపడమే కాదు, చక్రాన్ని నిటారుగా నిలబెట్టే స్తంభం కూడా. స్ప్రింగు దాని చుట్టూనే ఉంటుంది. కాబట్టి స్ప్రింగు మార్చాలన్నా స్ట్రట్ మొత్తం కిందికి దించి, కంప్రెసర్‌తో స్ప్రింగును నొక్కి, పై నట్టు విప్పాలి. స్ట్రట్ మార్చడానికి చేసే పనీ అదే. పాతది మళ్లీ బిగించి, ఆరు నెలలకు అది కారితే అదే కూలి మళ్లీ ఇవ్వాలి, అలైన్‌మెంట్ మళ్లీ చేయించాలి. స్విఫ్ట్ వెనక మాత్రం స్ప్రింగు వేరు, షాకు వేరు. షాకును ముట్టుకోకుండానే స్ప్రింగు వచ్చేస్తుంది కనక అక్కడ పాతవి వదిలేయాలనిపిస్తుంది. కానీ మనుషులు, సామాను ఎక్కినప్పుడు అదనపు బరువు పడేది వెనకే కాబట్టి మార్చాల్సిన అవసరం అక్కడే ఎక్కువ.

నడికుడికి తనదైన ఇబ్బంది దుమ్ము. సున్నపు బట్టీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతమిది. షాకు కడ్డీ మీద రబ్బరు తొడుగు చిరిగితే, సన్నటి రాతిపొడి నూనె తడికి అంటుకుని నున్నటి కడ్డీని గీస్తుంది. గీసిన కడ్డీ సీలును కోస్తుంది, నూనె కారుతుంది. దించిన కారులో దిమ్మా తొడుగూ ఎక్కువగా నలుగుతాయి కాబట్టి షాకులు ఉంచుకున్నా ఆ రెండూ కొత్తవే వేయించాలి. షాకు ఉంచాలో లేదో తేల్చుకోవాలంటే బానెట్ మూల నొక్కి వదిలి చూడటం చాలదు. విప్పినప్పుడు కడ్డీని చేత్తో పైకీ కిందికీ లాగి చూడాలి. మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువు ఉండాలి. మధ్యలో ఖాళీగా జారినా, నూనె చెమ్మ కనిపించినా తీసేయాల్సిందే. ఒకటి చెడితే జత మొత్తం మార్చాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు, ఆర్‌సీకి తేడా వచ్చే మార్పులు చేయకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పెట్టారు. దించే ముందు రవాణా శాఖ ఆఫీసులో, బీమా కంపెనీలో అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవాలి.

ఇక పని పూర్తయ్యాక మెకానిక్‌తో పట్టుబట్టి చేయించుకోవాల్సింది ఒకటుంది. బండి జాకీ మీద, చక్రాలు వేలాడుతుండగా లోయర్ ఆర్మ్ బుష్షు బోల్టులు గట్టిగా బిగించేస్తే, కిందికి దింపగానే లోపలి రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది, కొన్నాళ్లకు చిరుగుతుంది. అప్పుడు వదులుగా ఉంచి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు వేయాలి. అలైన్‌మెంట్ ఆ తర్వాతే. స్ప్రింగులు కాస్త కూర్చుంటాయి కాబట్టి 500 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూపించాలి. లేకపోతే ముందు టైర్లు లోపలి అంచున, పైకి కనిపించకుండా అరిగిపోతాయి.