మన ఊరి పేరుకు మన అక్షరాలు
ఇంటర్నెట్టులో తెలుగు చిరునామాకు దారి ఉంది, నడిచేవారే తక్కువ

విజయవాడ: ఒకప్పుడు ఊళ్లోకి టెలిగ్రాం వచ్చిందంటే ముందు ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఆ తర్వాతే ఇంగ్లీషు వచ్చిన మాస్టారి కోసం పరుగెత్తేవారు. తీరా చదివిస్తే కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో, కూతురు ప్రసవించిందనో మంచి కబురే అయి ఉండేది. 2013 జూలైలో టెలిగ్రాం సేవలు ఆగిపోయాయి. కాని చిరునామా ఇంగ్లీషులోనే ఉండాలన్న పద్ధతి ఇంటర్నెట్టులో ఇంకా నడుస్తూనే ఉంది.

నేడు పల్లెటూళ్లలో సెల్‌ఫోను లేని ఇల్లు అరుదు. అందులో తెలుగులో వార్తలు చదువుతున్నారు, తెలుగులో మెసేజీలు పంపుకుంటున్నారు. టైపు చేయడం రానివారు నోటితో చెబితే ఫోనే రాసిపెడుతోంది. అయినా ఒక వెబ్‌సైటు తెరవాలంటే మాత్రం పైనున్న గడిలో ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలని అందరూ అనుకుంటున్నారు.

నిజానికి ఆ అవసరం లేదు. పేరు తెలుగులో రాసి, చుక్క పెట్టి, 'భారత్' అని తెలుగులోనే ముగించే చిరునామాలకు 2011లోనే అనుమతి లభించింది. ఈ సంగతి మన డెల్టా పల్లెల్లో తెలిసినవారు తక్కువ.

పెడనా? పెదనా?

కలంకారీ అద్దకానికి పేరుపడ్డ పెడన పేరును ఇంగ్లీషులో రాసి, ఆ ఊరు ఎరుగనివాడి చేతికివ్వండి. ఒకడు 'పెదన' అంటాడు, మరొకడు 'పెడానా' అంటాడు. ఇంగ్లీషులో డకారానికీ దకారానికీ ఒకటే అక్షరం. లకారానికీ ళకారానికీ తేడా లేదు. నకారం, ణకారం ఒకే గూట్లో ఉంటాయి. ఘంటసాల ఊరి పేరును కొందరు హెచ్ పెట్టి రాస్తారు, కొందరు పెట్టకుండా రాస్తారు. బందరు సంగతి చెప్పనే అక్కర్లేదు. దొరల కాలం నుంచి దానికి ఇంగ్లీషులో ఎన్ని స్పెల్లింగులున్నాయో!

మాటల్లో ఇది నవ్వులాట. చిరునామాలో అయితే నష్టం. ఒక్క అక్షరం తేడా పడితే కొనడానికి వచ్చినవాడు మరో చోటికి పోతాడు. అసలు పేరును పోలిన పేరుతో దొంగ వెబ్‌సైటు పెట్టి డబ్బు గుంజేవాళ్లకు కూడా ఈ గందరగోళమే అదను. ఇంగ్లీషు సరిగా రానివారికి అసలేదో నకిలీ ఏదో పోల్చుకోవడం మరీ కష్టం. తన భాషలో ఉన్న పేరైతే కనీసం తప్పొప్పులు తానే చూసుకోగలడు.

అరబ్బు దేశాలు ముందు నడిచాయి

చిరునామాలకు పేర్లు పెట్టే ఈ ఏర్పాటు 1983లో అమెరికాలో రూపొందింది. ఇంగ్లీషులోని 26 అక్షరాలు, అంకెలు, అడ్డగీత - ఇవే అందులో చెల్లేవి. చాలాకాలం ప్రపంచమంతా ఆ అక్షరాలతోనే సరిపెట్టుకుంది.

ఈ పేర్ల వ్యవహారం చూసే 'ఐకాన్' అనే అంతర్జాతీయ సంస్థ 2009 అక్టోబరులో సియోల్‌లో సమావేశమై, ఆయా దేశాలు తమ లిపిలోనే చిరునామాను ముగించుకోవచ్చని ఆమోదించింది. 2010 మేలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అందరికంటే ముందు అరబిక్ లిపిలో తమ దేశాల పేర్లు పెట్టుకున్నాయి. కుడి నుంచి ఎడమకు రాసే లిపి అది. దానికి సాధ్యమైనప్పుడు మన లిపికి సాధ్యం కాకపోవడం ఏముంది?

మరుసటి ఏడాదే భారతదేశానికి ఏడు లిపుల్లో అనుమతి వచ్చింది. అందులో తెలుగు ఒకటి. అరబిక్ అక్షరాల్లో రాసే ఉర్దూ మరొకటి. విజయవాడలోనూ బందరులోనూ ఉర్దూ మాట్లాడే కుటుంబాలకు ఇది పనికివచ్చే మాట. ఉర్దూను రెండో అధికార భాషగా గుర్తించే బిల్లును మన శాసనసభ 2022 మార్చిలో ఆమోదించింది కూడా. ఇప్పుడు రాజ్యాంగంలోని 22 భాషలకూ ఈ సదుపాయం ఉంది. దీన్ని నడిపేది 'నిక్సీ', అంటే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా.

తెర వెనుక జరిగేదేమిటి?

కంప్యూటరుకు తెలుగు అర్థం కాదు. ఆ మాటకొస్తే ఇంగ్లీషూ అర్థం కాదు. దానికి తెలిసినవి అంకెలే. ప్రపంచ లిపులన్నిటిలోని ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే 'యూనికోడ్' పద్ధతిలో తెలుగుకు 128 గళ్లు ఇచ్చారు. మనం ఒక్క అక్షరంగా పలికే 'శ్రీ' దాని లెక్కలో నాలుగు: శకారం, పొల్లు, రకారం, దీర్ఘపు గుడి.

తెలుగు పేరు కొట్టగానే ఫోను దాన్ని ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిసిన ఒక సంకేతంగా మారుస్తుంది. పాత యంత్రాలు కూడా దాన్ని గుర్తుపట్టి సరైన చోటికి చేరుస్తాయి. ఊళ్లో రాసిన తెలుగు చీటీని పట్నంలో గుమాస్తా తన లెక్కల పుస్తకంలోకి ఎక్కించుకున్నట్లే. రాసినవాడికి ఆ పుస్తకంతో పనిలేదు.

చిక్కులు లేకపోలేదు

మొదటి చిక్కు పోలికలది. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. కొన్ని అక్షరాలు రెంటిలోనూ ఒకేలా కనిపిస్తాయి. ఉర్దూ కీబోర్డులోని 'కాఫ్', అరబిక్ కీబోర్డులోని 'కాఫ్' పదం మధ్యలో పడితే కంటికి ఒకటే, యంత్రానికి రెండు. వీటిని అడ్డం పెట్టుకుని మోసాలు జరగకుండా నిపుణులు లిపుల వారీగా నియమాలు రాశారు. చిరునామా చివర వచ్చే పేర్లకు తెలుగు నియమాలు 2019లో ఖరారయ్యాయి.

రెండో చిక్కు మన రాతలోనే ఉంది. 'కలంకారి' అని కొందరు, 'కలంకారీ' అని కొందరు రాస్తారు. బందరు, బందర్ రెండూ చెల్లుతాయి. మనుషులకు పట్టింపు లేదు గాని యంత్రానికి అవి వేర్వేరు పేర్లు.

మూడోది అన్నిటికంటే పెద్దది. చిరునామా తెలుగులో ఉన్నా, చాలా దరఖాస్తు ఫారాలు దాన్ని ఒప్పుకోవు. తెలుగు అక్షరాలతో ఈమెయిలు రాస్తే 'తప్పు చిరునామా' అని ఎర్రగీత గీస్తాయి. భారతీయ లిపుల్లో ఈమెయిలు 2016 నుంచే మన దేశంలో ఉంది. లోపం భాషది కాదు, ఆ ఫారాలు తయారుచేసినవారిది. ఏ భాష చిరునామానైనా అన్ని చోట్లా ఒప్పుకోవాలని కోరుతూ 2023 నుంచి ప్రపంచమంతటా ఒక దినోత్సవం జరుపుతున్నారు.

వాడేవారు లేరు గనుక ఫారాలు మార్చరు. ఫారాలు మారలేదు గనుక వాడేవారు రారు. ఈ ముడి ఎక్కడో ఒకచోట విప్పాలి.

ఎవరికి మేలు?

పెడన అద్దకం పనివారు, కొండపల్లి బొమ్మలు చేసేవారు, చిలకలపూడి గిల్టు నగల తయారీదారులు - వీరి సరుకు దేశమంతా పోతోంది. 'పెడనకలంకారీ.భారత్' వంటి పేరు సంచి మీద, బోర్డు మీద అచ్చు వేస్తే తెలుగు చదవగలిగిన ప్రతివాడూ ఆ చిరునామా గుర్తుపెట్టుకుంటాడు. సహకార సంఘాలకు, పంచాయతీలకు, పాఠశాలల పూర్వ విద్యార్థులకు కూడా ఇదే మాట. ఇతర రాష్ట్రాల కొనుగోలుదారుల కోసం ఇంగ్లీషు పేరు కూడా ఉంచుకోవచ్చు. రెండు పేర్లూ ఒకే వెబ్‌సైటుకు దారి చూపేలా పెట్టడం సులువైన పనే.

తీసుకోదలచినవారు నాలుగు జాగ్రత్తలు పాటించాలి. నిక్సీ గుర్తింపు ఉన్న సంస్థ దగ్గరే పేరు నమోదు చేయించాలి. పేరు సంఘం పేరున ఉండాలి గాని, పనిచేసి పెట్టిన కుర్రవాడి పేరున కాదు. అతను ఊరు మారితే చిరునామా కూడా అతని వెంట పోతుంది. గడువు తీరకముందే రుసుము కట్టాలి, లేకపోతే ఆ పేరును మరొకరు ఎగరేసుకుపోవచ్చు. రెండు రకాల స్పెల్లింగు ఉన్న పేరైతే రెండూ తీసుకోవడం మంచిది.

మన డెల్టాకు అక్షరం కొత్త కాదు. భట్టిప్రోలు స్తూపంలో 1892లో బయటపడిన ధాతు కరండాల మీద రెండువేల ఏళ్లకు పైబడిన బ్రాహ్మీ అక్షరాలున్నాయి. 1902లో 'కృష్ణాపత్రిక' బందరులోనే పుట్టింది. కంప్యూటరు తెలుగు అక్షరాల్లో ఒక రకానికి దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరిట 'మండలి' అని పేరు పెట్టారు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. వీరికి తమ అక్షరాల్లో చిరునామా రాసుకునే హక్కు వచ్చి పుష్కరకాలం దాటింది. కాలువకు నీరొదిలారు. బోదె తవ్వుకోవలసింది ఎవరి పొలంలో వారే. ఒక్క పంచాయతీ, ఒక్క చేనేత సంఘం ముందుకొచ్చి తమ బోర్డు మీద తెలుగు చిరునామా రాయిస్తే పక్క ఊరు చూస్తుంది. ఎర్రగీత గీసే ఫారం ఎదురైతే ఊరుకోకుండా ఆ సంస్థకు ఒక ఫిర్యాదు రాయాలి. అది కూడా తెలుగులోనే రాయవచ్చు.